భోపాల్: గొట్టం పట్టిన చేయి, సంతకం పెట్టిన చేయి

భారత దేశంలో పర్యావరణ చట్టాల చరిత్ర రాయదలచినవారు ఎవరైనా 1984 డిసెంబర్ 2 రాత్రి దగ్గర ఆగక తప్పదు. ఆ రాత్రి భోపాల్ నగరంలోని యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారంలో 610 నంబరు ట్యాంకులోకి నీరు చేరింది. ట్యాంకులో నిల్వ ఉన్న మిథైల్ ఐసోసయనేట్ ఆ నీటితో చర్య జరిపి, వేడెక్కి, పొంగి, తెల్లవారేలోపు సుమారు 40 టన్నుల మేర నగరం మీద విషవాయువై పరచుకుంది. కేంద్ర ప్రభుత్వం సుప్రీం కోర్టుకు ఇచ్చిన లెక్కలలోనే మరణాలు 5,295. బాధితుల సంఘాలు చెప్పే సంఖ్య అందుకు అనేక రెట్లు. గాయపడినవారు, శాశ్వతంగా రోగగ్రస్తులైనవారు లక్షల్లో ఉన్నారు.

ఈ ఘటన గురించి జరిగిన చర్చలో అధిక భాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. ట్యాంకులోకి నీళ్లు ఎలా వెళ్లాయి? ఎవరు పంపారు? 1985 డిసెంబర్‌లో వెలువడిన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి (సీఎస్‌ఐఆర్) నివేదిక సుమారు 500 కిలోల నీరు ట్యాంకులో చేరి ఉంటుందని అంచనా వేసింది. ఆ రాత్రి గొట్టాలను నీటితో కడుగుతున్నపుడు, అటువంటి సమయంలో తప్పనిసరిగా బిగించవలసిన అడ్డుబిళ్లను బిగించలేదనీ, ఆ దారినే నీరు ప్రవేశించిందనీ ఒక వాదన. కంపెనీ దీనిని అంగీకరించలేదు. కంపెనీ నియమించిన ఆర్థర్ డి. లిటిల్ సంస్థ 1988లో మరొక కథనం ముందుకు తెచ్చింది. యాజమాన్యం మీద అసంతృప్తితో ఉన్న ఒక కార్మికుడు కావాలనే నీటి గొట్టాన్ని నేరుగా ట్యాంకుకు తగిలించాడన్నది ఆ కథనం. అది ఏ న్యాయస్థానంలోనూ రుజువు కాలేదు.

పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు వాదనలకూ ఒక పోలిక ఉంది. మొదటి దాని ప్రకారం తప్పు చేసినవాడు బిళ్ల బిగించని కార్మికుడు. రెండవ దాని ప్రకారం కుట్ర చేసినవాడు గొట్టం తగిలించిన కార్మికుడు. రెండింటిలోనూ అన్వేషణ కర్మాగారపు నిచ్చెనలో అట్టడుగు మెట్టు మీద ఉన్న మనిషి దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. ‘మానవ తప్పిదం’ అన్న మాట మన దేశంలో ఏ పారిశ్రామిక ప్రమాదం తరువాత వినబడినా, ఆ మానవుడు దాదాపు ఎల్లప్పుడూ రాత్రి షిఫ్టులో పనిచేసే మనిషే అయి ఉంటాడు. పగటివేళ కార్యాలయంలో కూర్చుని కాగితాల మీద సంతకాలు చేసే మనిషి ఆ మాట పరిధిలోకి రాడు.

ఇక్కడ ఒక సరళమైన పరీక్ష పెట్టవచ్చు. కంపెనీ చెప్పిన కుట్ర కథనం అక్షరాలా నిజమనే అనుకుందాం. అపుడు కూడా అసలు ప్రశ్న చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది. ఒక్క మనిషి, ఒక్క నీటి గొట్టంతో, ఒక నగరాన్ని చంపగలిగే స్థితికి ఆ కర్మాగారం ఎలా చేరుకుంది? ఆ స్థితిని తెచ్చినవారు ఎవరు?

ఆ రాత్రికి ముందే తీసుకున్న నిర్ణయాలు

మిథైల్ ఐసోసయనేట్‌ను సున్నా డిగ్రీలకు దగ్గరగా చల్లగా ఉంచాలని కంపెనీ సొంత నియమావళి చెబుతోంది. చల్లగా ఉంటే నీరు కలిసినా రసాయన చర్య నెమ్మదిగా సాగుతుంది, మేలుకొనడానికి వ్యవధి దొరుకుతుంది. అందుకోసం ఏర్పాటు చేసిన శీతలీకరణ యంత్రాన్ని 1984 జూన్‌లో ఆపేశారు. అందులోని శీతలీకరణ ద్రవాన్ని సైతం బయటికి తీసేశారు. దానితో ట్యాంకు ఉష్ణోగ్రత ఎల్లప్పుడూ ప్రమాద సూచికకు నిర్దేశించిన హద్దుకు పైనే ఉండసాగింది. ఎల్లవేళలా హద్దు దాటి ఉండే చోట హద్దు దాటిందని మోగే అలారంకు అర్థం ఉండదు. కనుక అలారం కూడా ఉపయోగంలో లేకుండా పోయింది.

వెలువడిన వాయువును కాస్టిక్ సోడాతో శుద్ధి చేయవలసిన స్క్రబ్బర్‌ను, ఉత్పత్తి నిలిపివేసిన తరువాత, అక్టోబర్‌లో పక్కన పెట్టారు. మిగిలిన వాయువును మండించవలసిన ఫ్లేర్ టవర్‌కు వెళ్లే పైపులో తుప్పు పట్టిన ఒక ముక్కను మార్చడానికి విప్పారు, తిరిగి బిగించలేదు. అత్యవసర పరిస్థితిలో సరుకును మళ్లించడానికి ఖాళీగా ఉంచవలసిన 619 నంబరు ట్యాంకు ఖాళీగా లేదు. అక్టోబర్ చివరి నుండి 610 నంబరు ట్యాంకులో నైట్రోజన్ పీడనం నిలవడం లేదు. అంటే ఆ ట్యాంకు వ్యవస్థ ఎక్కడో కారుతోందన్న సూచన ఆరు వారాల ముందే కంటికి కనిపించింది. నీటి తెరలు వాయువు వెలువడిన ఎత్తుకు చేరలేదు. నగరవాసులను హెచ్చరించవలసిన సైరన్‌ను కొద్దిసేపు మోగించి ఆపివేశారు.

స్క్రబ్బరూ, ఫ్లేర్ టవరూ పనిచేస్తూ ఉన్నా అంత పెద్ద పరిమాణంలో వెలువడిన వాయువును అవి పూర్తిగా అరికట్టగలిగేవి కావని కొందరు నిపుణులు చెబుతారు. అది కంపెనీకి అనుకూలమైన వాదనగా వినిపించవచ్చు గానీ, నిజానికి అది ప్రశ్నను మరింత పైమెట్టుకు తీసుకెళుతుంది. అరికట్టలేనంత పరిమాణంలో ప్రాణాంతక రసాయనాన్ని జనావాసాల నడుమ నిల్వ చేయాలని నిర్ణయించింది గొట్టాలు కడిగే కార్మికుడు కాదు.

ఈ జాబితాలో ఏ ఒక్కటీ ఆ రాత్రి హఠాత్తుగా జరిగింది కాదు. ప్రతిదానికీ ముందు ఒక రోజు ఉంది, ఒక చర్చ ఉంది, ఒక అనుమతి ఉంది. ప్రమాదం ఒక రాత్రిది, దాని కారణాలు కొన్ని నెలలవి, కొన్ని ఏళ్లవి.

తిలా పాపం తలా పిడికెడు

ఆ నిర్ణయాలు తీసుకున్నవారు నరరూప రాక్షసులా? అలా నమ్మడం సులభం, కోపానికి తృప్తికరం కూడా. కానీ ఆ నమ్మకం మనకు ఏమీ నేర్పదు. ఎనభయ్యో దశకం మొదట్లో ఆ కర్మాగారం నష్టాలలో ఉంది. సెవిన్ పురుగుమందుకు ఆశించిన గిరాకీ రాలేదు. వరుస కరువులతో రైతుల కొనుగోలు శక్తి పడిపోయింది, చౌకగా దొరికే మందులు పోటీకి వచ్చాయి. ఖర్చు తగ్గించాలన్న ఒత్తిడి పైనుంచి కిందికి ప్రవహించింది. ఒక్కొక్క విభాగాధిపతీ తన పరిధిలో ఏది తగ్గించగలడో అది తగ్గించాడు. ఒకరు యంత్రం కరెంటు ఆదా చేశారు. ఒకరు మరమ్మతు వాయిదా వేశారు. మిథైల్ ఐసోసయనేట్ విభాగంలో షిఫ్టుకు ఉండే మనుషులను సగానికి కుదించారు. మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ పదవిని రాత్రి షిఫ్టు నుంచి తొలగించారు. అనుభవజ్ఞులు ఒక్కొక్కరే వేరే ఉద్యోగాలకు వెళ్లిపోయారు.

విడివిడిగా చూస్తే ప్రతి నిర్ణయానికీ ఒక సమర్థన దొరుకుతుంది. శీతలీకరణ లేకపోయినా స్క్రబ్బర్ ఉంది కదా. స్క్రబ్బర్ పక్కన పెట్టినా ఫ్లేర్ టవర్ ఉంది కదా. ఫ్లేర్ టవర్ మరమ్మతులో ఉన్నా ఉత్పత్తి జరగడం లేదు కదా. ఒక్కొక్క రక్షణ ఏర్పాటును తొలగించినవారు తక్కిన ఏర్పాట్లు ఉన్నాయన్న ధీమాతో తొలగించారు. అన్నీ కలిపి చూడవలసిన బాధ్యత ఎవరికీ అప్పగించలేదు, లేదా ఆ బాధ్యత గల వ్యక్తికి చూసే తీరిక, ఆపే అధికారం లేవు.

ఇందులో మరొక సూక్ష్మమైన పొరపాటు దాగి ఉంది. స్క్రబ్బర్, ఫ్లేర్ టవర్ వంటి ఏర్పాట్లను ఉత్పత్తిలో భాగంగా పరిగణించారు. ఉత్పత్తి ఆగితే వాటి అవసరం కూడా ఆగుతుందని అనుకున్నారు. కానీ ప్రమాదం ఉత్పత్తిలో మాత్రమే లేదు, నిల్వలో ఉంది. 610 నంబరు ట్యాంకులో 40 టన్నులకు పైగా సరుకు కదలకుండా ఉంది. ఆ సరుకుకు కర్మాగారం నడుస్తోందా, మూతబడిందా అన్నదానితో నిమిత్తం లేదు. లాభాలు తెచ్చే యంత్రానికి దొరికే శ్రద్ధ, లాభం తేని నిల్వకు దొరకదు. పెద్ద సంస్థల జమాఖర్చులలో ఈ తేడా ఎక్కడా రాసి ఉండదు గానీ, మనుషుల మనసులలో బలంగా ఉంటుంది.

తిలా పాపం తలా పిడికెడు అన్న సామెత ఇటువంటి స్థితి గురించే పుట్టిందనిపిస్తుంది. పాపాన్ని పంచుకున్నకొద్దీ ఒక్కొక్కరి వాటా తేలికవుతుంది. మొత్తం బరువు మాత్రం తగ్గదు. అది ఎవరి నెత్తిన పడుతుందన్నదే తేడా.

అలవాటైపోయిన ప్రమాదం

ఆ రాత్రి పదకొండు గంటల వేళ జరిగినదానిని పరిశీలిస్తే మరొక మానవ కారణం బయటపడుతుంది. పదిన్నరకు ముందు ట్యాంకు పీడనం 2 ఉంది. మధ్యలో షిఫ్టు మారింది. కొత్తగా వచ్చినవారు చూసేసరికి 10కి చేరింది. ఆ అంకె సాధారణ పరిధిలోనిదే కనుక ఎవరికీ ఆందోళన కలగలేదు. అర గంటలో అయిదు రెట్లు పెరిగిందన్న సంగతి, ముందు అంకెను చూసినవారికీ తరువాతి అంకెను చూసినవారికీ మధ్య జారిపోయింది. పదకొండున్నర ప్రాంతంలో కొందరు కార్మికులకు కళ్లు మండాయి. ఎక్కడో చిన్నగా కారుతోందని గుర్తించారు. టీ తాగిన తరువాత చూద్దామనుకున్నారు.

ఈ టీ విరామం సంగతిని తరువాత అనేక మంది కార్మికుల నిర్లక్ష్యానికి నిదర్శనంగా చూపారు. కానీ వారు ఎందుకు అలా ప్రవర్తించారో ఒక్క క్షణం ఆలోచించాలి. ఆ కర్మాగారంలో చిన్న చిన్న లీకులు మామూలు. కళ్లు మండడం మామూలు. మీటర్లు తప్పుడు అంకెలు చూపడం మామూలు. ప్రతిసారీ పరుగెత్తి ఉత్పత్తి ఆపితే మెచ్చుకునేవారు లేరు. ఏమీ చేయకుండా ఊరుకున్న ప్రతిసారీ ఏమీ జరగలేదు. సంస్థ తన ఉద్యోగులకు బోధించే నిజమైన పాఠం గోడ మీద అంటించిన నియమావళిలో ఉండదు, ఏ పనికి శిక్ష పడుతుందో, ఏ పనికి పడదో దానిలో ఉంటుంది. పైగా ఆ నియమావళి కూడా ఆంగ్లంలో ఉంది. దానిని అమలు చేయవలసిన వారిలో చాలామంది హిందీ తప్ప మరొక భాష ధారాళంగా చదవలేనివారు.

తెలిసినవారు ఉన్నారు, వినేవారు లేరు

ఎవరికీ తెలియక జరిగిన ప్రమాదం కాదు ఇది. 1981 డిసెంబర్‌లో అదే కర్మాగారంలో ఫాస్జీన్ వాయువు సోకి ఒక కార్మికుడు చనిపోయాడు. 1982 జనవరిలో మరోసారి ఫాస్జీన్ వెలువడి ఇరవై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. కార్మిక సంఘాలు హెచ్చరికలు జారీ చేశాయి. 1982 మే నెలలో అమెరికా ప్రధాన కార్యాలయం నుండి ముగ్గురు నిపుణులు వచ్చి తనిఖీ చేశారు. పదుల సంఖ్యలో లోపాలను నమోదు చేశారు. వాటిలో మిథైల్ ఐసోసయనేట్ విభాగానికి చెందినవి కూడా ఉన్నాయి. ఆ తరువాత రెండేళ్ల పాటు భోపాల్ నుండి అమెరికాకు పురోగతి నివేదికలు వెళ్లాయి. 1984 జూన్ నాటికి దాదాపు అన్నీ సరిచేశామన్నది వాటి సారాంశం. ఆ జూన్ నెలలోనే శీతలీకరణ యంత్రాన్ని ఆపేశారన్నది గమనార్హం.

పెద్ద సంస్థలలో పర్యావరణ నిబంధనలు ఎందుకు విఫలమవుతాయన్న ప్రశ్నకు ఈ ఒక్క ఉదాహరణలో సగం సమాధానం ఉంది. లోపాన్ని సరిదిద్దడం ఒక పని, లోపాన్ని జాబితా నుండి కొట్టివేయడం మరొక పని. నివేదిక పంపేవాడికి రెండవది చాలు. నివేదిక అందుకునేవాడికీ రెండవదే హాయి. ఇద్దరి మధ్యా అబద్ధం చెప్పాలన్న కుట్ర అవసరం లేదు. ఇద్దరికీ ప్రశ్నించకపోవడమే సౌకర్యం అయితే చాలు.

1984 సెప్టెంబర్‌లో, అంటే దుర్ఘటనకు మూడు నెలల ముందు, అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం ఇన్‌స్టిట్యూట్‌లో అదే రసాయనం తయారు చేసే కర్మాగారం గురించి కంపెనీ అంతర్గత నివేదిక ఒకటి తయారయింది. నిల్వ ట్యాంకులో అదుపు తప్పిన రసాయన చర్య జరిగే అవకాశం ఉందని అది హెచ్చరించింది. ఆ హెచ్చరిక భోపాల్‌కు చేరలేదు. 50.9 శాతం వాటా ఉన్న మాతృసంస్థ లాభాల లెక్కల విషయంలో భోపాల్‌ను తనదిగా భావించింది. ప్రమాదపు లెక్కల విషయంలో భావించలేదు.

కర్మాగారం ప్రహరీ గోడకు బయట కూడా తెలిసినవారు ఉన్నారు. రాజ్‌కుమార్ కేస్వానీ అనే యువ పత్రికా రచయిత 1982లో ‘రపట్’ అనే చిన్న వారపత్రికలో వరుస కథనాలు రాశారు. భోపాల్ అగ్నిపర్వతం అంచున కూర్చుని ఉందని శీర్షిక పెట్టి మరీ చెప్పారు. 1984 జూన్‌లో ‘జనసత్తా’లో మళ్లీ రాశారు. విషయం మధ్యప్రదేశ్ శాసనసభ వరకూ వెళ్లింది. 1982 డిసెంబర్‌లో రాష్ట్ర కార్మిక మంత్రి సమాధానం ఇస్తూ, అది 25 కోట్ల రూపాయల పెట్టుబడి అనీ, ఎత్తి మరొక చోట పెట్టడానికి అదేమీ చిన్న రాయి కాదనీ అన్నారు.

ఆ మంత్రిని ఒక్కడినే నిందించడం కూడా అడుగు మెట్టు దగ్గర ఆగిపోవడం వంటిదే. ఆయనకు సమాచారం అందించే ఫ్యాక్టరీల శాఖ స్థితి ఏమిటి? భోపాల్ ప్రాంతాన్ని చూసే ఇన్‌స్పెక్టర్లు ఇద్దరూ మెకానికల్ ఇంజనీర్లు. రసాయనిక ప్రమాదాల గురించి వారికి తగిన శిక్షణ లేదు. తనిఖీ చేయవలసిన సంస్థ చెప్పిందే వారికి ఆధారం. చట్టాన్ని అమలు చేయవలసిన ప్రభుత్వ శాఖ కూడా ఒక పెద్ద సంస్థే. అక్కడ కూడా నోరు విప్పినవాడికి లాభం లేదు, ఊరుకున్నవాడికి నష్టం లేదు.

కార్మికుడు, తనిఖీ నిపుణుడు, ఇన్‌స్టిట్యూట్ ఇంజనీరు, పత్రికా రచయిత, శాసనసభ్యుడు. ఇందరికి తెలిసిన విషయం, ట్యాంకును ఖాళీ చేయమని ఆజ్ఞాపించగల ఒక్క మనిషిని కదిలించలేకపోయింది. భోపాల్‌లో లోపించింది జ్ఞానం కాదు. ఆ జ్ఞానాన్ని అధికారం దగ్గరికి చేర్చే దారి.

చట్టం వెతికిన మనిషి

తరువాతి చరిత్ర అందరికీ తెలిసినదే. కంపెనీ అధినేత వారెన్ ఆండర్సన్ 1984 డిసెంబర్ 7న భోపాల్‌లో అరెస్టయి, అదే రోజు బెయిలు మీద విడుదలై దేశం విడిచి వెళ్లారు. మళ్లీ తిరిగి రాలేదు, 2014లో మరణించారు. 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరింది. 1996లో సుప్రీం కోర్టు నిందితుల మీద అభియోగాలను నిర్లక్ష్యం వల్ల మరణాలకు కారణం కావడమన్న స్థాయికి తగ్గించింది. 2010 జూన్ 7న భోపాల్ న్యాయస్థానం భారతీయ అనుబంధ సంస్థ చైర్మన్ కేషుబ్ మహీంద్రాతో సహా పలువురు అధికారులకు రెండేళ్ల జైలు శిక్ష విధించింది. వారికి వెంటనే బెయిలు లభించింది. పరిహారం పెంచాలన్న కేంద్ర ప్రభుత్వ క్యూరేటివ్ పిటిషన్‌ను 2023 మార్చి 14న సుప్రీం కోర్టు కొట్టివేసింది.

ఈ పరిణామాలను న్యాయవ్యవస్థ ద్రోహంగా చూసేవారు ఉన్నారు. వారి ఆగ్రహానికి కారణం ఉంది. అయితే అందులో మరొక సంగతి కూడా ఉంది. క్రిమినల్ చట్టం ఒక మనిషిని వెతుకుతుంది. ఆ మనిషికి ఫలానా పర్యవసానం తెలుసునా అని అడుగుతుంది. పెద్ద సంస్థ నిర్మాణమే ఆ ప్రశ్నకు సమాధానం దొరకకుండా చేస్తుంది. యంత్రం ఆపినవాడికి ట్యాంకు పీడనం సంగతి తెలియదు. పీడనం సంగతి తెలిసినవాడికి స్క్రబ్బర్ సంగతి తెలియదు. అన్నీ తెలుసుకోవలసినవాడు తెలుసుకోలేదు, అలా తెలుసుకోకపోవడమే అతనికి రక్షణ కవచం అయింది.

ఈ చిక్కును మన శాసన కర్తలు కొంతవరకు గుర్తించారు. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. ఢిల్లీలో శ్రీరామ్ కర్మాగారం నుండి ఓలియం వాయువు వెలువడిన కేసులో అదే సంవత్సరం సుప్రీం కోర్టు సంపూర్ణ బాధ్యతా సూత్రాన్ని ప్రకటించింది. ప్రమాదకర పరిశ్రమ నడిపేవారు తప్పు ఎవరిదన్న సాకుతో నష్టపరిహారం తప్పించుకోలేరన్నది దాని సారం. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, కంపెనీ విషయంలో డైరెక్టర్‌నే ఆక్రమణదారుగా, అంటే కర్మాగారానికి జవాబుదారుగా నిర్వచించారు. ఆసన్నమైన ప్రమాదం గురించి హెచ్చరించే హక్కును కార్మికులకు చట్టబద్ధంగా ఇచ్చారు. బాధ్యతను పైమెట్టుకు, సమాచారాన్ని కింది మెట్టు నుండి పైకి పంపే ప్రయత్నాలు ఇవి. కాగితం మీద ఇవి సరైన దిశలో పడిన అడుగులే.

విశాఖ, బాఘ్‌జాన్

ముప్పయ్యారేళ్ల తరువాత, 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుండి స్టైరిన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నియమించిన ఉన్నత స్థాయి కమిటీ ఇచ్చిన నివేదికను భోపాల్ పత్రాల పక్కన పెట్టి చదవాలి. శీతలీకరణ వ్యవస్థను ఇరవైనాలుగు గంటలూ నడపకుండా సాయంత్రం అయిదు గంటలకు ఆపేసే అలవాటు. ఉష్ణోగ్రత కొలిచే సాధనం ట్యాంకు అడుగున మాత్రమే ఉండడంతో పైభాగంలో వేడెక్కుతున్న సంగతి తెలియకపోవడం. పైపుల అమరికలో కొద్ది నెలల ముందు మార్పు చేసి, దాని పర్యవసానాన్ని సరిగా అంచనా వేయకపోవడం. రసాయన చర్యను నిరోధించే పదార్థం అందుబాటులో లేకపోవడం. సైరన్ ఏర్పాటు ఉండి కూడా మోగించకపోవడం. లాక్‌డౌన్ వల్ల ఉత్పత్తి ఆగింది, కానీ నిల్వ అలాగే ఉంది. అక్కడ కూడా శ్రద్ధ ఉత్పత్తితోపాటే సెలవు తీసుకుంది.

అంతకు ముందు సంవత్సరమే, 2019 మే నెలలో, తమకు చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని ఆ కంపెనీయే అధికారులకు ప్రమాణ పత్రం రాసి ఇచ్చింది. ఉల్లంఘన దాచిపెట్టినది కాదు. సంతకంతో సహా ఫైలులో ఉంది. చదివినవారు ఎవరూ కర్మాగారాన్ని ఆపలేదు.

ఇదంతా ప్రైవేటు లాభాపేక్ష ఫలితం, బహుళజాతి కంపెనీల స్వభావమే అంత, వేరే కారణాలు వెతకడం దండగ అని కొందరు మిత్రులు వాదిస్తారు. లాభాపేక్ష ఒత్తిడిని సృష్టిస్తుందన్నదానిలో సందేహం లేదు. భోపాల్‌లో అది కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది. కానీ విశాఖ దుర్ఘటన జరిగిన ఇరవై రోజులకే, 2020 మే 27న, అస్సాంలోని బాఘ్‌జాన్‌లో ప్రభుత్వ రంగ సంస్థ ఆయిల్ ఇండియాకు చెందిన గ్యాసు బావి బద్దలయింది. జూన్ 9న మంటలు చెలరేగాయి. ఆ సంస్థకు చెందిన ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది మరణించారు. డిబ్రూ-సైఖోవా జాతీయ ఉద్యానవనం, మాగురి-మోటాపుంగ్ చిత్తడి నేలల పక్కన ఆ బావి నవంబర్ వరకు మండింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ నియమించిన జస్టిస్ బి.పి. కటకే కమిటీ, కీలకమైన పనిని ప్రణాళిక వేయడంలో లోపాన్నీ, ప్రణాళికకూ అమలుకూ పొంతన లేకపోవడాన్నీ, పర్యవేక్షణ లేమినీ ఎత్తిచూపింది. సంస్థ వేలు మాత్రం కాంట్రాక్టరు వైపు తిరిగింది. యజమాని ప్రభుత్వమైనా నిందను కింది మెట్టుకు దించే అలవాటు మారలేదు.

లాభాపేక్ష ఒక ఒత్తిడి. గడువు ఒక ఒత్తిడి. ఉత్పత్తి లక్ష్యం ఒక ఒత్తిడి. ఏ ఒత్తిడి అయినా వాల్వు దాకా చేరడానికి మనుషుల గుండానే ప్రయాణిస్తుంది. ఏ మనిషి దగ్గర అది ఆగి ఉండవలసింది, ఎందుకు ఆగలేదు అన్నదానిని కనిపెట్టకుండా, వ్యవస్థ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవడం కూడా ఒక రకంగా అసలు కారకులను దాచిపెట్టడమే. కార్మికుడిని నిందించేవారు అన్వేషణను మరీ కింద ఆపుతున్నారు. వ్యవస్థను మాత్రమే నిందించేవారు దానిని ఎవరికీ అందనంత ఎత్తున ఆపుతున్నారు. రెండు చోట్లా మధ్యలో ఉన్న సంతకాలు క్షేమం.

జరిమానాల కాలంలో

2023 నాటి జన్ విశ్వాస్ చట్టం పర్యావరణ పరిరక్షణ చట్టంలోని జైలు శిక్షలను చాలావరకు తొలగించి, 10 వేల నుండి 15 లక్షల రూపాయల వరకు జరిమానాలుగా మార్చింది. జల కాలుష్య నివారణ చట్టానికి 2024లో చేసిన సవరణ కూడా ఇదే దారి పట్టింది. జైలు శిక్ష ఎలాగూ పెద్దల దాకా చేరలేదు కనుక జరిమానా అయినా తప్పకుండా వసూలవుతుందన్నది సమర్థకుల వాదన. మొదటి సగం నిజమేనని భోపాల్ తీర్పే చెబుతోంది. కానీ 15 లక్షల రూపాయలు పెద్ద సంస్థ ఖాతాలో ఒక ఖర్చు పద్దు మాత్రమే. పద్దు చెల్లించినవారిని, ఆ నిర్ణయం ఎవరు ఎందుకు తీసుకున్నారని అడగవలసిన అవసరం చట్టానికి ఉండదు. జైలు భయం పోయినా పోవచ్చు, దానితోపాటు ఆ ప్రశ్న కూడా పోతే నష్టపోయేది ప్రజలే.

కనుక రాజకీయ చైతన్యం ఉన్నవారు డిమాండ్ చేయవలసింది శిక్ష పరిమాణం ఒక్కటే కాదు. ప్రతి పెద్ద ఉల్లంఘన తరువాతా మూడు ప్రశ్నలకు పేరుతో, తేదీతో సమాధానం బహిరంగంగా రావాలి. రక్షణ ఏర్పాటును ఆపడానికి అనుమతి ఇచ్చింది ఎవరు? ముందుగా హెచ్చరిక అందుకుని కూడా ఊరుకున్నది ఎవరు? హెచ్చరించినవారికి ఆ సంస్థలో తరువాత ఏమయింది? మూడవ ప్రశ్నకు వచ్చే సమాధానాన్ని బట్టి తదుపరి ప్రమాదం ఎంత దూరంలో ఉందో చెప్పవచ్చు.

భోపాల్‌లో వాయువు కథ ముగిసినా నేల కథ ముగియలేదు. కర్మాగారపు వ్యర్థాలను నిల్వ చేసే చెరువులు కారుతున్నాయని ఆందోళన వెలిబుచ్చుతూ 1982లోనే భోపాల్ నుండి మాతృసంస్థకు టెలెక్స్ సందేశాలు వెళ్లాయి. తరువాతి కాలంలో అమెరికా న్యాయస్థానంలో నడిచిన వ్యాజ్యంలో అవి బయటపడ్డాయి. ఆ చుట్టుపక్కల బస్తీలు ఏళ్ల తరబడి కలుషితమైన భూగర్భ జలాన్నే తాగాయి. శుభ్రమైన నీరు సరఫరా చేయమని 2004లో సుప్రీం కోర్టు ఆదేశించవలసి వచ్చింది. కర్మాగారంలో మిగిలిన 337 టన్నుల విషపు వ్యర్థాలను 2025 జనవరిలో పీథంపూర్‌కు తరలించి, ఆ ఏడాది మధ్య నాటికి కాల్చివేశారు. ఈ నేల కాలుష్యానికి కుట్ర కథనం లేదు, అసంతృప్తితో ఉన్న కార్మికుడు లేడు, నీటి గొట్టం లేదు. ఒక సందేశం, దానిని అందుకున్న ఒక కార్యాలయం, ఆ తరువాత దశాబ్దాల మౌనం మాత్రమే ఉన్నాయి. ఆ కార్యాలయంలో ఆ సందేశం చదివి పక్కన పెట్టింది ఎవరన్నది ఇప్పటికైనా అడగవలసిన ప్రశ్న.